తీసివేసిన గాలి

ఎల్డన్ ఫాల్స్, ఒహాయో
మార్చి 9, 2024

రష్మి వదినకు,

నా మీద మీరు మోపిన నేరం ఇది: మీ భర్త సంతాప సభను నేను డిబేట్ వేదికగా మార్చాను, ఏడవడానికి వచ్చినవాళ్ల ముందు వాదన పెట్టాను, మా గైడు కృష్ణమోహన్ గారిని హాలు నిండా జనం చూస్తుండగా హంతకుడిగా నిలబెట్టాను. ఈ ఆరోపణను నేనెక్కడా మెత్తబరచలేదు. కమ్యూనిటీ సెంటర్ పార్కింగ్‌లో మీరన్న మాటలనే వరసగా పేర్చాను. ఒక్కటి మాత్రం పక్కన పెట్టాను: "నీకు మనిషి అక్కర్లేదు భవితా, టాపిక్ కావాలి." దానికి ఇవాళ నా దగ్గర జవాబు లేదు. దొరికిన రోజున రాస్తాను.

మీరు నా నంబరు బ్లాక్ చేశారు కనుక ఈ కాగితం. కాగితానికి ఒక సుగుణం ఉంది, మధ్యలో మీరు అడ్డుపడలేరు. దుర్గుణమూ అదే. మీరు రాస్తే నేనూ అడ్డుపడలేను.

ఆ రోజు మొదట మాట్లాడింది నేను కాదు. మైకు అందుకున్నది కృష్ణమోహన్ గారు. "శశికాంత్ బంగారంలాంటి కుర్రాడు. ఆస్తమా ఉన్నవాడు ఇన్‌హేలర్ కార్లో వదిలేసి తిరిగితే ఏం చేస్తాం చెప్పండి? పిల్లలూ, మీరైనా హెల్త్ నెగ్లెక్ట్ చేయకండి" అన్నారు. అది సంతాపం కాదు వదినా, తీర్పు. పార్కింగ్‌లో కారు దాకా చేరలేక పడిపోయినవాణ్ణే దోషిగా తేల్చిన తీర్పు. ముద్దాయి లేచి జవాబు చెప్పుకోలేని సభలో ఇంకెవరో ఒకరు లేవాలి. నేను లేచాను. "సార్, ఇన్‌హేలర్ ఎక్కడ ఉండిపోయిందో చెప్పారు. ఊపిరి ఎక్కడ పాడైందో చెప్పలేదు" అన్నాను. ఆ తర్వాత లేచిన గోల నాది కాదు.

శశి అన్నా నేనూ చేసిన పని మీకు తెలుసు. గోడకు అవతల డీజిల్ ఇంజిన్ నడుస్తుంది. ఇవతల గదిలో మేము పొద్దుటి నుంచి కూర్చుని, ఆ పొగలోని మసిని తెల్లటి ఫిల్టరు బిళ్లల మీదికి పట్టి తూస్తాం. నేను చేరిన కొత్తలో పట్టకారు నా చేతిలో పెట్టి, "అంచు మాత్రమే పట్టుకో. దాని మీద ఊపిరి ఇడ్వకు. ఊపిరికి గూడ బరువుంటది" అని నేర్పింది అతనే. ఆ గదిలో కూర్చున్న రోజుల్లో అతని దగ్గు పెరగడం, సెలవుల్లో తగ్గడం నేను చూశాను. మీరూ చూశారు.

నేను ఊరుకుంటే యూనివర్సిటీ రిపోర్టులో మిగిలేది ఒకే మాట: మృతుడి అశ్రద్ధ. ఆ మాటను ఉండనివ్వను.

భవిత


నేపర్‌విల్, ఇల్లినాయ్
మార్చి 24

భవితా,

నీ లెటర్ రెండుసార్లు చదివా. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

నంబరు బ్లాక్ చేసింది ద్వేషంతో కాదు. నువ్వు మాట్లాడుతుంటే నా మాటలు నాకు దొరకవు. శశి కూడా అనేవాడు గుర్తుందా, "భవితతోని వాదిస్తే లాస్ట్‌కి మన సైడ్ ఏందో మనమే మర్చిపోతం" అని. అతను నవ్వుతూ అనేవాడు. నాకు నవ్వు రావట్లా. అందుకే రాస్తున్నా.

హాల్లో లేచి నిలబడ్డప్పుడు నీ దగ్గర ప్రూఫ్ ఉందా? లేదు. లేదని నీకు తెలుసు. టీ పోస్తున్న ఆంటీలు కప్పులు అట్లాగే పట్టుకుని నన్ను చూశారు. అప్పటిదాకా నేను మొగుడు పోయిన ఆడదాన్ని. ఆ నిమిషం నుంచి కేసున్న ఆడదాన్ని. ఒక్కరూ నా చెయ్యి పట్టుకోలేదు. అందరూ, "నిజమేనా రష్మీ?" అని అడిగారు.

మొన్న కృష్ణమోహన్ గారు మా తమ్ముడు అఖిల్ ఇంటికి వచ్చారు. నేనిప్పుడు ఇక్కడే ఉంటున్నా. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. శశి థీసిస్ దాదాపు పూర్తయిందట. సెప్టెంబర్‌లో కమిటీ కూర్చుంటుందట. చనిపోయినా సరే పీహెచ్‌డీ ఇప్పిస్తాను, అది నా బాధ్యత అన్నారు. నీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. "చిన్నపిల్ల, ఆవేశం" అన్నారు, అంతే.

నెల్లూరులో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని నేను. అది వదిలేసి ఇతని వెనకాల F-2 డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసే హక్కు లేకుండా ఒక అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చున్నా. ఆ పట్టా కోసం. అది శశిది ఎంతో నాదీ అంతే. ఇప్పుడు ఆ వీసా కూడా అతనితో పోయింది. విజిటర్‌గా మార్చమని అప్లికేషన్ పెట్టాం. వాళ్లు పొమ్మంటే పోవాలి. పోయేటప్పుడు నా చేతిలో ఒక్కటైనా ఉండాలి.

సెప్టెంబర్ దాకా ఆ గది సంగతి కదపకు. ఆర్డర్ కాదు. అడుక్కుంటున్నా.

రష్మి


ఎల్డన్ ఫాల్స్
ఏప్రిల్ 14

రష్మి వదినకు,

మీ ప్రశ్న న్యాయమైనది. ఆ రోజు నా దగ్గర ఋజువు లేదు. అనుమానాన్ని ఋజువు గొంతుతో పలికాను. పోటీల్లో అది పనికొచ్చే విద్య. సంతాప సభలో కాదు. అంతవరకూ ఓడిపోయాను.

ఇప్పుడు ఋజువుకు దారి దొరికింది. బ్లాంక్ అంటే ఏమిటో కెమిస్ట్రీ చెప్పిన మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను. తెలిసిన మెట్టే కదా అని చూడకుండా దాటిన చోటే మేమంతా జారిపడ్డాం.

పొగను పలచన చేయడానికి దానిలో శుద్ధి చేసిన గాలి కలిపి, ఆ మిశ్రమాన్ని ఫిల్టరు మీద పడతాం. కలిపే గాలిని మాత్రమే ఇంకో ఫిల్టరు గుండా లాగుతాం. అది బ్లాంక్. దాని మీద ఎంత బరువు చేరితే అంతా ఇంజిన్‌ది కాదని, మొదటి ఫిల్టరు బరువులోంచి తీసివేస్తాం. ఇంతవరకూ ధర్మమే. కొన్నేళ్ల కిందట ఆ శుద్ధమైన గాలి దగ్గరి పంపు పాడైంది. కొత్తది వచ్చేదాకా మేము కూర్చునే గదిలో బల్ల మీదున్న పంపుతో బ్లాంక్ తీయమని కృష్ణమోహన్ గారు చెప్పారు. తాత్కాలికం అన్నారు. మా ల్యాబ్‌లో తాత్కాలికమైనవాటికే ఆయుష్షు ఎక్కువ. అప్పటి నుంచి మేము పీల్చే గాలే మా బ్లాంక్.

కిందటి వేసవిలో కెనడా అడవుల మంటల పొగ మన మీదికి దిగినప్పుడు, అప్పటికే కొన్నేళ్లుగా మసకబారుతున్న బ్లాంకులు బూడిదరంగుకు తిరిగాయి. అందరం ఆకాశం వైపు చూసి సరిపెట్టుకున్నాం. ఆకాశం తేటపడింది. బ్లాంకులు తేటపడలేదు. గోడ అవతల పొగగొట్టం ఎక్కడో వదులై, ఇంజిన్ నడిచినంతసేపూ పొగ మా గదిలోకి వస్తోందన్న ఊహ ఎవరికీ రాలేదు. బ్లాంక్ మురికిగా ఉంటే ఏం చేయాలో మాకు చాలా బాగా నేర్పారు కదా, తీసివేయాలి. వదినా, గాలి గురించి ఇంత చదువుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు ఇది. చదువు లేనివాడైతే నల్లబడ్డ ఆ బిళ్లను చూసి కిటికీ తెరిచేవాడు. మేము మైనస్ గుర్తు వేశాం.

ఇక నేను అడగవలసింది. శశి అన్న పోయిన కొద్ది రోజులకే ల్యాబ్ ఫ్రీజర్‌ను శుభ్రం చేయించారు. పాత బ్లాంకులు ఒక్కటీ మిగలలేదు. కానీ డిసెంబర్‌లో అతను కొన్ని బిళ్లల్ని స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్లడం నేను చూశాను. చిన్న పంపు కూడా తీసుకెళ్లాడు. ఎందుకన్నా అంటే, "మా బెడ్‌రూమ్‌కు గూడ డాక్టరేట్ ఇప్పిస్తున్న" అన్నాడు. ఆ డబ్బా మీ దగ్గరుందా?

భవిత


నేపర్‌విల్
మే 2

భవితా,

బ్లాంక్ గురించి బాగా రాశావు. పాఠం చెప్పినట్టుంది. కానీ నువ్వు రాయకుండా వదిలేసిన మాట ఒకటుంది. మర్చిపోలేదు, కావాలనే వదిలేశావు. నేను రాస్తా. బ్లాంక్ తప్పయితే దాన్ని తీసివేయగా వచ్చిన ప్రతి నంబరూ తప్పు. గది ఎంత మురికిగా ఉంటే ఇంజిన్ అంత శుభ్రంగా కనపడింది. శశి థీసిస్ నిండా ఉన్నవి ఆ నంబర్లే.

నువ్వు నన్ను డబ్బా అడగలేదు. నా మొగుడి పీహెచ్‌డీని నా చేత్తోనే చింపమని అడిగావు. ఆ సంగతి చెప్పకుండా అడిగావు చూడు, అదీ నీ తెలివి. డిబేట్ పోటీల్లో కప్పులు ఊరికే రావు.

డబ్బా లేదు. ఏ డబ్బా లేదు.

రష్మి


ఎల్డన్ ఫాల్స్
జూన్ 8

రష్మి వదినకు,

దాచాను. నిజమే. మీరు ఆ మెట్టు ఎక్కరని కాదు, ఎక్కేలోపు డబ్బా నా చేతికి వస్తుందని ఆశపడ్డాను. మీ చేతిలో దొరికిపోయినందుకు సిగ్గుపడుతున్నాను. దాచినందుకు ఇంకా ఎక్కువ.

ఇక్కడి సంగతులు చెబుతాను. మీ అభ్యర్థనను నేను పాటించలేదు. సేఫ్టీ ఆఫీసుకు ఫిర్యాదు చేశాను. వాళ్లు తెల్లకోట్లు వేసుకుని, పరికరాలు పట్టుకుని వచ్చి, మా గదిలో గాలిని ఎంతో శ్రద్ధగా కొలిచారు. ఇంజిన్ ఆపి ఉంచిన రోజున. గాలి నిర్మలమని రాసి వెళ్లారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు రండని అడిగితే, నడుస్తున్నప్పుడు ఆ గదిలోకి రావడానికి తమకు అనుమతి లేదట, భద్రత దృష్ట్యా. ఇది నేను కల్పించిన చమత్కారం కాదు. అక్షరాలా వాళ్ల జవాబు.

కృష్ణమోహన్ గారు నన్ను పిలిచి, "భవితా, నీకు ఇంకో గైడ్ అయితే బావుంటుందేమో అమ్మా" అన్నారు. ఎంత మృదువుగా అన్నారంటే, గదిలోంచి బయటికొచ్చాక గానీ నా ఫండింగ్ పోయిందని నాకు అర్థం కాలేదు.

మీరు "లేదు" అని రెండుసార్లు రాశారు. నిజంగా లేనిదాన్ని ఎవరూ రెండుసార్లు లేదనరు. మీరు అతని పేరును కాపాడుతున్నాననుకుంటున్నారు. మీరు కాపాడుతున్నది అతని పేరుకు ముందు రాయబోయే బిరుదును. ఆ బిరుదు దక్కే సభలోనే యూనివర్సిటీ రిపోర్టునూ ఆమోదిస్తారు, అతను తన అశ్రద్ధ వల్ల చచ్చాడన్న మాటకూ ముద్ర పడుతుంది. రెండూ ఒకే చేత్తో తీసుకుంటారా?

భవిత


నేపర్‌విల్
జూలై 6

భవితా,

ఉంది. డబ్బా ఉంది.

వీధిలో జూలై నాలుగు పండగ టపాసుల పొగ ఇంకా పోలేదు. కిటికీలన్నీ మూసి కూర్చుని రాస్తున్నా. నువ్వు అడిగావు కాబట్టి మొత్తం విను, మధ్యలో లేవకు.

డిసెంబర్‌లో ఆ పంపు మా డ్రెస్సర్ మీద గుయ్యిమంటా ఉండేది. "పడుకునే చోట కూడా రీసెర్చేనా, నన్ను కూడా తూచెయ్యరాదూ" అన్నా. "నిన్ను మోసే త్రాసు మా ల్యాబ్‌ల లేదు" అన్నాడు. దిండు పెట్టి కొట్టా. అంత మామూలుగా ఉన్నాం భవితా, అప్పుడు.

పంపు ఆపేశాక ఫిల్టర్లు రెండు పక్కపక్కన పెట్టి చూపించాడు. మా బెడ్‌రూమ్‌ది తెల్లగా ఉంది. ల్యాబ్‌లో మీరు కూర్చునే గదిది నల్లగా ఉంది. నాకు చెప్పక్కర్లా, టైట్రేషన్లు చేయించిన చెయ్యి నాది. "మరి వెళ్లి చెప్పెయ్" అన్నా. చెబితే డేటా మొత్తం మళ్లీ మొదటి నుంచి తీయాలి, ఫండింగ్ మేతో సరి. "థీసిస్ డిఫెన్స్ కానీ. అయినంక నేనే పోయి సార్‌కు చెప్త" అన్నాడు. అప్పటిదాకా? అన్నా. "అప్పటిదాకా పీలుస్త" అన్నాడు.

విన్నావా? తెలిసే కూర్చున్నాడు. నువ్వు మైకు ముందు నిలబెట్టాలనుకున్న అమాయకుడు కాదు అతను. అన్నీ తెలిసి, లెక్క వేసుకుని, మే దాకా ఊపిరి సరిపోతుందనుకున్నాడు. ఫిబ్రవరిలో అయిపోయింది. నేను కూడా వద్దనలేదు. ఇంకెంత, నాలుగు నెలలేగా అనుకున్నా.

అతనే నోరు మూసుకున్న సంగతిని నువ్వెవరు తెరవడానికి?

నీ ఏప్రిల్ లెటర్ రాగానే డబ్బాని ఫ్రీజర్‌లోంచి తీసి గరాజ్‌లో పడేశా. ఈ ఎండలకి ఈపాటికి చెడిపోయి ఉంటాయి. ఇక నీకూ నాకూ గొడవ లేదు.

రష్మి


ఎల్డన్ ఫాల్స్
జూలై 20

వదినా,

మసి చెడిపోదు. ఫ్రీజర్ అవసరమయ్యేది మసితో పాటు అంటుకునే వేరే వాటికి. అవి ఎండకు ఎగిరిపోయి ఉంటాయి. మసి గరాజ్‌లో ఉన్నా గనిలో ఉన్నా మసే. ఈ సంగతి మీకు చెప్పకుండా ఉంటే మీకు నిశ్చింత. కానీ ఒకసారి ఒక మాట దాచి మీ దగ్గర పరువు పోగొట్టుకున్నాను. రెండోసారి దాచలేను.

అతనికి తెలుసన్న సంగతి నాకు తెలియదు. నా వాదన మొత్తం అతనికి తెలియదన్న పునాది మీద కట్టాను. మీ ఉత్తరం చదివాక కాంపస్ చెరువు గట్టున చీకటి పడేదాకా కూర్చున్నాను. ఎవరి పక్షాన నిలబడి అరుస్తున్నానో అతనే ఎదురు పక్షంలో కూర్చున్నట్టు అనిపించింది.

డబ్బా ఇక అడగను. జూన్‌లో బిరుదు గురించి నేను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మీ నెల్లూరు ఉద్యోగం గురించి మీరు అంతకుముందే రాశారు. చదివి కూడా ఆ మాట రాశాను.

ఒక్క వార్త. శశి అన్న కుర్చీని కొత్తగా చేరిన రియాకు ఇచ్చారు. మీ నేపర్‌విల్ అమ్మాయే, అక్కడే పుట్టి పెరిగింది. ఆ గదిలో కూర్చోవద్దని చెప్పాను. "అక్కా, సేఫ్టీ వాళ్లు ఓకే అన్నారు కదా? యూ ఆర్ సో డ్రమాటిక్" అని నవ్వి వెళ్లి కూర్చుంది.

భవిత


నేపర్‌విల్
ఆగస్టు 18

భవితా,

రియా వచ్చింది మా ఇంటికి. సెమిస్టర్ మొదలయ్యే ముందు వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి వచ్చిందట. శశి డెస్క్‌లో మిగిలిన సామాను ఒక అట్టపెట్టెలో పెట్టి తెచ్చింది. కాఫీ మగ్గు, ఒక ఛార్జరు, సగం వాడిన ఇన్‌హేలర్. డెస్క్‌లో కూడా ఒకటి ఉంచుకునేవాడు. ఎందుకు పనికిరాలేదో, మర్చిపోయాడో, అందలేదో, నాకు తెలియదు. ఇక తెలియబోదు కూడా.

"ఆంటీ, ఐ యామ్ సో సారీ. శశి అంకుల్ చెయిర్ ఇప్పుడు నాది. నేను చాలా, అంటే, కేర్‌ఫుల్‌గా చూసుకుంటాను" అంది. నాకు ముప్పై ఒకటి. ఆంటీ అంటే నవ్వొచ్చింది చాలా రోజులకి. లేచి దగ్గరికి తీసుకున్నా.

భవితా, ఇది ఎవరికీ చెప్పలేదు, అఖిల్‌కి కూడా. శశి వేసుకున్న ఆఖరి హుడీని నేను ఉతకలేదు. జిప్‌లాక్ కవర్లో పెట్టి పరుపు కింద దాచుకున్నా. ఉండబట్టలేనప్పుడు కవరు కొంచెమే తెరిచి, మొహం పెట్టి, వాసన పోకుండా మళ్లీ మూసేస్తా. ఫిబ్రవరి నుంచి అదే నా మనిషి.

ఆ పిల్ల జాకెట్‌కి అదే వాసన.

అతని వాసన కాదు అది. పెళ్లైనప్పటి నుంచి నేను కావలించుకున్నదీ, దిండు మీద వెతుక్కున్నదీ, కవర్లో దాచుకున్నదీ ఆ గది వాసన. ఆ పిల్ల నా భుజం మీద దగ్గింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "సారీ, అలర్జీస్" అంది. అతను కూడా అలర్జీ అనే మొదలుపెట్టాడు.

ఆమె వెళ్లాక హుడీని వాషింగ్ మెషిన్‌లో వేశా. అయ్యేదాకా అక్కడే నిలబడ్డా. ఇప్పుడు నా దగ్గర ఏ వాసనా లేదు.

డబ్బా తీసుకుని నేనే వస్తున్నా, కమిటీ రోజుకి. అఖిల్ డ్రైవ్ చేస్తానన్నాడు. "అక్కా, నీ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, ఇప్పుడు కాంట్రవర్సీ ఎందుకు" అని ఒక గంట గొణిగాడు. తర్వాత కారు ఆయిల్ మార్పించుకొచ్చాడు.

పట్టా పోతే పోనీ అని నేను అనను. అంత గొప్పదాన్ని కాదు. నాకు అది కావాలి. వాదించడం వచ్చు కదా నీకు, రెండూ అడుగు. గాలి సంగతీ అడుగు, పట్టా కూడా అడుగు. ఇవ్వరని నాకూ తెలుసు. అయినా అడుగు. అతన్ని హీరోని మాత్రం చెయ్యకు. ఉన్నవాణ్ణి ఉన్నట్టు చెప్పు.

రష్మి


ఎల్డన్ ఫాల్స్
సెప్టెంబర్ 7

రష్మి వదినకు,

నాకు మనిషి కాదు, టాపిక్ కావాలన్నారు. మార్చిలో అది నిజం. ఇప్పుడు కాదు. దిండు దెబ్బ తిన్న మనిషిని, "అప్పటిదాకా పీలుస్త" అన్న మనిషిని మీరే నాకిచ్చారు. ఇదీ నా జవాబు.

కమిటీ ముందు ఇంగ్లీషులో చదవబోయేది మొదట మీరు తెలుగులో వినాలి. ఎక్కడైనా అతను కానివాడు కనిపిస్తే కొట్టేయండి. ఈ ప్రసంగం తర్వాత ఈ యూనివర్సిటీలో నా పేరు డిసెంబర్ దాటి ఉండకపోవచ్చు. అది లెక్కలోకి తీసుకోకండి.

కమిటీ సభ్యులారా, చనిపోయిన స్నేహితుడి పట్టా చింపడానికి నేను వచ్చానని అంటున్నారు. పట్టా అడగడానికే వచ్చాను. అయితే అబద్ధం మీద వద్దు. శశికాంత్ థీసిస్‌లోని అంకెలు తప్పు. అవి అతనొక్కడి తప్పు కాదు. ఈ ల్యాబ్‌లో పనిచేసిన అందరం అదే చోట బ్లాంక్ తీశాం, అదే మైనస్ గుర్తు వేశాం. తేడా ఒక్కటే. అతను ఆగి, ఇంట్లో ఒక ఫిల్టరు, ఈ గదిలో ఒక ఫిల్టరు పెట్టి, కొలిచి చూశాడు. ఆ ఫిల్టర్లను అతని భార్య ఇప్పుడు మీ బల్ల మీద పెడుతోంది.

ఆమె ముఖం చూడకుండా ఈ మాట చెప్పలేను: అతను కొలిచి తెలుసుకుని కూడా మీకు చెప్పలేదు. భయపడ్డాడు. డిఫెన్స్ అయ్యాక చెబుతానన్నాడు. మీరు ఇచ్చే పట్టా కోసం, మీ గడువు కోసం, తెలిసిన విషాన్ని పీలుస్తూ కూర్చున్నాడు. అతని ధైర్యం గురించి నేను ప్రసంగించను. ఒక మనిషి తన ఊపిరిని పట్టా కోసం తాకట్టు పెట్టవలసిన చోటును ఎవరు కట్టారో, అది మాత్రం అడుగుతాను. అతని జబ్బు ఈ గాలి వల్లే ముదిరిందని ఒక్క మనిషి విషయంలో నిరూపించగలరా అని మీరు అడుగుతారు. నిరూపించలేను. అతని అశ్రద్ధే కారణమని మీరు నిరూపించారా? నిరూపించకుండానే రాసేశారు.

నేను అడిగేవి ఇవి. రిపోర్టులో 'మృతుడి అశ్రద్ధ' అన్న మాట కొట్టేయండి. అంకెలు సరిదిద్దండి. ఎంత ఖర్చయినా, ఏ కంపెనీ ఇంజిన్ ఎంత మురికిగా తేలినా సరే. శశికాంత్ ఈ విశ్వవిద్యాలయంలో చేసిన ఒకే ఒక్క సరైన కొలత ఆ డబ్బాలో ఉంది. డాక్టరేట్ దానికి ఇవ్వండి.

ఇవేవీ ఇవ్వలేమంటే, చివరిదొక్కటి చేయండి. ఇంజిన్ ఆపిన రోజున కాదు, రేపు నడిచే రోజున రండి. అతని కుర్చీలోంచి రియాను లేపి మీరు కూర్చోండి. తలుపు వేసుకోండి. పంపు పక్కన పెట్టుకుని, ఇంజిన్ ఆగేదాకా ఊపిరి పీల్చండి. ఆ ఫిల్టరును మీ చేతులతో తూచండి. తూచి, అందులోంచి ఎవరిని తీసివేయాలో మాకు చెప్పండి.